రేకు డబ్బా మోత



ఈ వారం నేను రాసింది చదివి మీలో కొందరు ఆశ్చర్యపోతారు. పెద్దవాళ్ళకు కొంచెం బాధ కూడా కలగవచ్చు. నేను రాస్తున్నది ఒక హెవీ మెటల్ బృందం గురించి, వాళ్ళ అభిమానులే చెత్త అని పక్కన పెట్టిన ఒక ఆల్బమ్ గురించి. ఇలాంటి పాటలు సాతాను పాటలని 2011లో మన సంఘంలో ప్రసంగం చేసింది నేనే. ఆ ప్రసంగం విన్నవాళ్ళు ఇది కూడా చివరిదాకా చదవాలని నా మనవి.

వేసవిలో మన సంఘంలోని ఒక మామ్మగారికి ఒంట్లో బాగాలేక గుంటూరు తీసుకెళ్ళాం. బెంగుళూరు నుంచి ఆమె మనవడు వచ్చాడు. అతను మన ఊరి పిల్లవాడే. పదిహేనేళ్ళుగా మన మందిరం గుమ్మం తొక్కలేదు. పేరు రాయవద్దన్నాడు కాబట్టి రాయను. మిగతాదంతా అతని అనుమతితోనే రాస్తున్నాను.

రాత్రి ఆసుపత్రి వరండాలో ఇనుప కుర్చీల మీద ఇద్దరమే కూర్చున్నాం. అతను చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. చాలాసేపు మాటల్లేవు. చివరికి నేనే అడిగాను.

"ఏం వింటున్నావు నాన్నా?"

"మీకు నచ్చదులెండి అయ్యగారూ."

"ఫర్వాలేదు, చెప్పు."

"మెటాలికా అని ఒక అమెరికా బ్యాండ్. ఈ ఆల్బమ్ పేరు సెయింట్ యాంగర్. వాళ్ళ ఫ్యాన్స్‌కే నచ్చదు ఇది."

"మరి నువ్వెందుకు వింటున్నావు?"

అతను వెంటనే జవాబు చెప్పలేదు. కాసేపాగి అన్నాడు. "ఇందులో ఎవరూ బాగున్నట్టు నటించరండీ." తర్వాత ఇంకో మాట అన్నాడు. "ఇది పాడే ఆయనకి కూడా పదహారేళ్ళప్పుడే వాళ్ళమ్మ చనిపోయింది. క్యాన్సర్. మందులు వాడకూడదన్నారు. ప్రార్థన చాలన్నారు."

నేను తల వంచుకున్నాను. ఎందుకో మన సంఘంలో పాతవాళ్ళకు తెలుసు. కొత్తవాళ్ళకు కింద చెబుతాను.

ఇంటికొచ్చాక ఆ ఆల్బమ్ విందామని కూర్చున్నాను. రెండు పాటలు కూడా పూర్తికాలేదు, తల పగిలిపోయింది. వంటింట్లోంచి మా ఆవిడ వచ్చి, "ఏమండీ, ఏమిటా మోత? బోరు మోటారు ఏమన్నా పట్టేసిందా?" అంది. కట్టేశాను. కానీ ఆ పిల్లవాడి మాట నన్ను వదల్లేదు. మర్నాడు మళ్ళీ పెట్టాను. ఆ తర్వాత నెల రోజులపాటు, బండి మీద పల్లెలకు ప్రార్థన కూటాలకు వెళ్ళి వచ్చాక రాత్రిళ్ళు కొద్దికొద్దిగా విన్నాను. వాళ్ళ గురించి చదివాను. ఆ ఆల్బమ్ చేస్తున్నప్పుడు తీసిన డాక్యుమెంటరీ సినిమా కూడా చూశాను. పేరు సమ్ కైండ్ ఆఫ్ మాన్‌స్టర్, 2004లో వచ్చింది.

మెటాలికా 1981లో లాస్ ఏంజెలెస్‌లో మొదలైంది. పాడేది జేమ్స్ హెట్‌ఫీల్డ్, డ్రమ్ములు వాయించేది లార్స్ ఉల్‌రిక్. 1991లో వాళ్ళు వేసిన నల్ల అట్ట ఆల్బమ్ అమెరికాలోనే కోటిన్నరకు పైగా అమ్ముడైంది. డబ్బు, పేరు, లోకం ఇవ్వగలిగినదంతా వచ్చింది. కానీ లోపల ఒక గాయం ఉండిపోయింది. 1986లో స్వీడన్‌లో వాళ్ళ బస్సు బోల్తాపడి బేస్ గిటార్ వాయించే క్లిఫ్ బర్టన్ చనిపోయాడు. అతనికి ఇరవై నాలుగేళ్ళు. వీళ్ళు కూర్చుని ఏడ్చింది లేదు. కొద్ది వారాల్లోనే జేసన్ న్యూస్టెడ్ అనే అతన్ని తెచ్చుకుని మళ్ళీ కచేరీలకు బయల్దేరారు. చనిపోయినవాడి మీద దుఃఖమంతా కొత్తగా వచ్చినవాడి మీద చూపించారు. ఆట పట్టించారు, అవమానించారు. 1988లో వచ్చిన ఆల్బమ్‌లో అతని గిటార్ వినబడనంతగా తగ్గించేశారు. అతను పద్నాలుగేళ్ళు భరించి, 2001 జనవరిలో వెళ్ళిపోయాడు.

ప్రియులారా, ఇది మన సంఘాల్లోనూ జరుగుతుంది. పాత సేవకుడి మీద ఉన్న ప్రేమను కొత్త సేవకుడి మీద కోపంగా మార్చేస్తాం. ఇంట్లో పెద్ద కోడలు పోతే, ఆ స్థానంలోకి వచ్చిన పిల్ల మంచినీళ్ళు ఇచ్చినా తప్పే. ఏడవాల్సిన చోట ఏడవకపోతే ఆ ఏడుపు ఇంకో చోట కోపమై బయటికొస్తుంది.

న్యూస్టెడ్ వెళ్ళిపోయాక మిగిలిన ముగ్గురూ శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక పాత సైనిక బ్యారక్‌లో చేరి కొత్త ఆల్బమ్ మొదలుపెట్టారు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేని పరిస్థితి. మాట్లాడించడానికి ఒక చికిత్సకుణ్ణి నెలకు 40,000 డాలర్లకు పెట్టుకున్నారు. ఆ లెక్క చదివి నవ్వొచ్చింది. మన ఊళ్ళో ఆ పని వేపచెట్టు కింద పెద్దలు టీ ఖర్చుకే చేస్తారు. కానీ తర్వాత ఆలోచించాను. కోట్లు సంపాదించినవాళ్ళు కూడా "మాకు మాట్లాడుకోవడం రావడం లేదు, ఎవరైనా నేర్పండి" అని ఒప్పుకున్నారు. మనలో అన్నదమ్ములు గట్టు తగాదా మీద ఇరవై ఏళ్ళు మాట్లాడుకోకుండా, అదే మందిరంలో కుడి పక్క ఒకరు, ఎడమ పక్క ఒకరు కూర్చుని బల్లలో పాలుపుచ్చుకుంటున్నారు.

2001 జూలైలో హెట్‌ఫీల్డ్ పని మధ్యలో వదిలేసి తాగుడు మాన్పించే కేంద్రానికి వెళ్ళిపోయాడు. తిరిగి పని మొదలుపెట్టింది 2002 వసంతంలో. రోజూ మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు వరకే పని, ఆ తర్వాత కుటుంబం అని కట్టుబాటు పెట్టాడు. దాని మీద లార్స్‌కు కోపం. ఆ సినిమాలో వాళ్ళు పోట్లాడుకోవడం, తలుపు దడాలున వేసి వెళ్ళిపోవడం అన్నీ కనిపిస్తాయి. 1983లో వీళ్ళు బృందం నుంచి గెంటేసిన డేవ్ మస్టేన్ కూడా అందులో వస్తాడు. అతను వేరే బృందం పెట్టి లక్షలాది ఆల్బమ్‌లు అమ్మాడు. అయినా లార్స్ ఎదుట కూర్చుని, తనను వెళ్ళగొట్టిన బాధ ఇంకా పోలేదని చెబుతాడు. ఆ తర్వాత ఆయన క్రీస్తును అంగీకరించాడని చదివి నా ప్రాణం కొంచెం కుదుటపడింది.

చివరికి 2003 జూన్‌లో ఆల్బమ్ వచ్చింది. మొదటి వారం అమెరికాలో మొదటి స్థానం. పేరు పెట్టిన పాటకు మరుసటి సంవత్సరం గ్రామీ బహుమతి కూడా వచ్చింది. కానీ జనం విని, ఛీకొట్టారు. ఇరవై ఏళ్ళు దాటినా వాళ్ళ ఆల్బమ్‌లలో అన్నిటికంటే చెడ్డది ఏదంటే చాలామంది దీని పేరే చెబుతారు.

తప్పులు లేవని నేననను. పదకొండు పాటలు, డెబ్బై అయిదు నిమిషాలు. ఒక్కో పాట అయిపోయిందనుకున్న తర్వాత కూడా మళ్ళీ మొదలవుతుంది. అలా సాగదీసే ప్రసంగీకులు మనకూ ఉన్నారు, వాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఈ బృందం పాటల్లో జనం ఎదురుచూసేది మధ్యలో కిర్క్ హామెట్ వాయించే గిటార్ సోలో. ఇందులో ఒక్క సోలో కూడా లేదు. వద్దన్నప్పుడు హామెట్ అభ్యంతరం చెప్పాడు, చివరికి తగ్గాడు. తన వరాన్ని చూపించుకునే అవకాశం పోయినా బృందంతో నిలిచాడు.

అందరూ ఎక్కువగా తిట్టేది డ్రమ్ము శబ్దాన్ని. మన మందిరంలో ప్యాడ్స్ వాయించే తమ్ముణ్ణి పిలిచి వినిపించాను. అతను విని నవ్వాడు. "అయ్యగారూ, స్నేర్ డ్రమ్ము అడుగున సన్న తీగెలుంటాయి. అవి చర్మానికి ఆనుకుని ఉంటేనే ఆ చురుకైన శబ్దం వస్తుంది. పక్కన మీట తిప్పితే తీగెలు కిందికి జారిపోతాయి. ఈయన ఆ మీట తిప్పి వదిలేశాడు. అందుకే రేకు డబ్బా మీద కొట్టినట్టుంది" అన్నాడు. నిజమే. లార్స్ అలాగే వదిలేశాడు, ఆ శబ్దమే కావాలన్నాడు.

అప్పుడు నాకు మన మైకు గుర్తొచ్చింది. మన సంఘాల్లో మైకుకు ఎకో పెట్టకపోతే ప్రార్థన ప్రార్థనలా అనిపించదు. ఎకో తీసేస్తే నా గొంతు ఎంత సన్నగా, ఎంత బొంగురుగా ఉంటుందో నాకు తెలుసు. ఒకసారి కరెంటు పోయి బ్యాటరీ మీద వట్టి గొంతుతో ప్రసంగం చేస్తే, ఒక పెద్దాయన, "ఇవాళ ఆత్మ లేదు అయ్యగారూ" అన్నాడు. ఆ రోజు లేనిది ఎకో మాత్రమే. ఈ ఆల్బమ్‌లో ఎకో లేదు. గొంతు పగిలిన చోట పగిలినట్టే వదిలేశారు. అది అందంగా లేదు. కానీ అబద్ధంగా కూడా లేదు.

పాటల్లో ఏముందో చూశాను. ఒకటి తాగుడు గురించి. ఒకటి పేరు పెట్టలేని భయం గురించి. ఒకటి ఎవరికీ కనబడకుండా దాక్కునే పిల్లవాడి గురించి. మురికి కిటికీ అనే పాటలో ఒకడు లోకమంతటికీ తీర్పు తీరుస్తూ, చివరికి తాను చూస్తున్నది తన మొహమే అని కనిపెడతాడు. మత్తయి 7లో ప్రభువు దూలం గురించి చెప్పిన మాట తెలిసినవాళ్ళకు ఆ పాట కొత్తగా ఉండదు. ఇంతకుముందు మాటలు ఎక్కువగా హెట్‌ఫీల్డే రాసుకునేవాడు. ఈసారి అందరూ కూర్చుని రాశారు.

సెయింట్ యాంగర్ అనే పేరు నాకు మొదట రుచించలేదు. కోపాన్ని పరిశుద్ధుణ్ణి చేయడమేమిటి అనుకున్నాను. తర్వాత వాక్యం దగ్గరికి వెళ్ళాను. ఎఫెసీ 4:26లో పౌలు కోపమే రాకూడదని చెప్పలేదు, దానికి గడువు పెట్టాడు. యోనా గ్రంథం దేవుడు ఒక కోపిష్టి సేవకుడితో మాట్లాడుతుండగానే ముగిసిపోతుంది. 88వ కీర్తన చూడండి. మిగతా విలాప కీర్తనలు చాలావరకు చివర్లో ఎక్కడో ఒకచోట వెలుగువైపు తిరుగుతాయి. ఇది తిరగదు. చీకట్లోనే ఆగిపోతుంది. దానికి మనం ఎకో పెట్టలేం. అయినా పరిశుద్ధాత్మ దేవుడు దాన్ని కీర్తనల గ్రంథంలోంచి తీసెయ్యలేదు. నా ఇరవై ఏళ్ళ సేవలో ఆ కీర్తన మీద నేను ఒక్కసారి కూడా ప్రసంగం చేయలేదు.

ఇప్పుడు అసలు సంగతి.

జేమ్స్ హెట్‌ఫీల్డ్ తల్లిదండ్రులు క్రిస్టియన్ సైన్స్ అనే మతశాఖకు చెందినవాళ్ళు. మేరీ బేకర్ ఎడ్డీ అనే ఆమె 1879లో అమెరికాలో ఆ సంఘాన్ని స్థాపించింది. రోగానికి నిజమైన ఉనికి లేదని, ప్రార్థనతోనే స్వస్థత అని వాళ్ళ బోధ. బడిలో ఆరోగ్య పాఠం చెబుతుంటే ఆ పిల్లవాణ్ణి లేపి బయటికి పంపేవారట. పదమూడేళ్ళప్పుడు తండ్రి ఇల్లు వదిలి వెళ్ళిపోయాడు. 1980లో తల్లి సింథియా క్యాన్సర్‌తో చనిపోయింది. వైద్యం చేయించుకోలేదు. అతనికి పదహారేళ్ళు.

"వాళ్ళది దుర్బోధ, మనది కాదు" అని మనం చేతులు దులుపుకోవచ్చు. నేను దులుపుకోలేను.

2009లో మన సంఘంలో ఒక సహోదరికి రొమ్ములో గడ్డ కనిపించింది. నేను ఆమెను అక్కా అని పిలిచేవాణ్ణి. కొత్తగా వచ్చిన సేవకుణ్ణి కాబట్టి మొదటి సంవత్సరం మా ఇంటికి పాలు డబ్బు తీసుకోకుండా పోసింది. డాక్టర్లు ఆపరేషన్ చేయాలన్నారు, మందు ఎక్కించాలన్నారు. అప్పుడే మూడు రోజుల ఉపవాస ప్రార్థనలు పెట్టాం. బయటినుంచి వచ్చిన ఒక ప్రసంగీకుడు ఆమె తలమీద చెయ్యి వేసి, స్వస్థత జరిగిపోయిందన్నాడు. ఇక మందు బిళ్ళ మింగితే అవిశ్వాసం అన్నాడు. ఆమె నా వైపు చూసింది. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. "అయ్యగారూ, మీరేమంటారు?" అని అడిగినట్టుంది.

నేనేమీ అనలేదు.

నాకు తెలియక కాదు. బైబిలు కళాశాలలో చదువుకున్నాను. హిజ్కియా రాజుకు స్వస్థత వాగ్దానం చేసిన తర్వాత కూడా యెషయా అంజూరపు పండ్ల ముద్ద పుండు మీద పెట్టించాడని తెలుసు. పౌలు తనతో ఉన్న లూకాను వైద్యుడని ప్రేమగా పిలిచాడని తెలుసు. మంచి సమరయుడు గాయానికి నూనె, ద్రాక్షారసం పోసి కట్టు కట్టాడని తెలుసు. కానీ వేదిక మీద పెద్ద ప్రసంగీకుడు, కింద ఆమేన్ అంటున్న జనం. నేను లేచి కాదంటే నన్ను విశ్వాసం లేని పాస్టరంటారని భయపడ్డాను. పైగా తర్వాతి ఆదివారం, ఆమె మందులు మానేసిందని సాక్ష్యంగా చెప్పించాను. పద్నాలుగు నెలలకు ఆమె ప్రభువునందు నిద్రించింది. ఆమె కొడుకు అప్పుడు ఇంటర్ మొదటి సంవత్సరం. పదహారేళ్ళు.

భూస్థాపన దగ్గర అతని భుజం మీద చెయ్యి వేసి, దేవుడు అమ్మను ఎక్కువగా ప్రేమించాడు కాబట్టి తీసుకున్నాడన్నాను. అతను నా చెయ్యి తీసేశాడు. ఆ తర్వాత మందిరానికి రాలేదు. వాళ్ళ ఇంట్లోంచి పెద్ద శబ్దంతో ఇంగ్లీషు పాటలు వినబడేవి. 2011లో నేను చేసిన ప్రసంగం వాటి గురించే. పేరు చెప్పలేదు కానీ ఊరందరికీ తెలుసు. తల్లిని పోగొట్టుకున్న పిల్లవాడు ఏడుస్తుంటే, ఆ ఏడుపు రాగం బాగాలేదని నేను బల్ల గుద్ది చెప్పాను.

మార్కు 3వ అధ్యాయం మొదటి ఆరు వచనాలు తీసి చదవండి. విశ్రాంతి దినం, సమాజమందిరం, ఊచచెయ్యి గల మనిషి. ఒక మనిషిని బాగుచేయడం న్యాయమా కాదా అని ప్రభువు అడిగితే అక్కడున్నవాళ్ళు మాట్లాడలేదు. నోరు మూసుకుని కూర్చున్నారు. అప్పుడు ఆయన వాళ్ళను కోపంతో చూశాడని, వాళ్ళ గుండె కాఠిన్యానికి దుఃఖపడ్డాడని మార్కు రాశాడు. ప్రభువుకు కోపం వచ్చిందని అంత సూటిగా రాసిన చోట్లు సువార్తల్లో చాలా తక్కువ. ఆ కోపం రోగి మీద కాదు. రోగి ముందు మౌనంగా ఉన్న భక్తుల మీద. ఇన్నేళ్ళూ ఆ భాగం చెప్పినప్పుడల్లా నేను ప్రభువు పక్కన నిలబడి చెప్పాను. ఈ వేసవిలో మొదటిసారి, నా స్థానం ఆ మౌనంగా కూర్చున్న వరసలో ఉందని చూశాను.

ఆ పిల్లవాడి కోపం ఎవరి వైపు నిలబడిందో మీరే చెప్పండి.

ఆ ఆల్బమ్ గురించి ఇంకో సంగతి. పేరు పెట్టిన పాటకు వీడియో తీయడానికి వాళ్ళు 2003లో శాన్ క్వెంటిన్ జైలుకు వెళ్ళారు. 1852 నుంచి ఉన్న జైలు అది. ఖైదీల మధ్య నిలబడి హెట్‌ఫీల్డ్, సంగీతం లేకపోతే తానూ ఇక్కడే ఉండేవాణ్ణి, లేదంటే చచ్చిపోయి ఉండేవాణ్ణి అన్న అర్థంలో మాట్లాడాడు. ఆ ఆల్బమ్‌లో ఆఖరి పాట, అంతా నా చేతుల్లోనే ఉండాలని పిడికిలి బిగించేవాడి పాట. విన్నవాళ్ళు ఎక్కువగా విసుక్కున్న పాటల్లో అదొకటి. 2017లో ఆ బృందం అన్నదానానికి, చేతిపనులు నేర్పడానికి, విపత్తుల్లో సహాయానికి ఒక సేవా సంస్థ పెట్టింది. దానికి పెట్టుకున్న పేరు ఆ పాట పేరే, ఆల్ వితిన్ మై హ్యాండ్స్. తర్వాత దాన్ని మెల్లగా, మామూలు గిటార్లతో మళ్ళీ పాడారు. బిగించిన పిడికిలి గురించి రాసిన మాటలే తెరిచిన చేతికి పేరయ్యాయి. నేను ఆ రెండోది విన్నప్పుడు కళ్ళనీళ్ళు వచ్చాయి.

కథ అక్కడితో సుఖాంతమైందని కూడా చెప్పను. 2019లో హెట్‌ఫీల్డ్ మళ్ళీ చికిత్సా కేంద్రానికి వెళ్ళాల్సి వచ్చింది. కచేరీలు ఆగిపోయాయి. మన సాక్ష్యాల్లో మనిషి ఒక్కసారి బాగుపడితే ఇక అంతే. నిజ జీవితంలో అలా ఉండదని తాగుడు మానిన మన సహోదరులకు తెలుసు.

నెల తర్వాత ఆ అబ్బాయికి ఫోన్ చేశాను. "ఆల్బమ్ మొత్తం విన్నాను నాన్నా" అన్నాను. "నిజమా! ఎలా ఉంది?" అన్నాడు. "మోతగా ఉంది. కానీ నీకెందుకు కావాల్సొచ్చిందో అర్థమైంది" అన్నాను. తర్వాత మీ అమ్మ విషయంలో తప్పు నాదని, ఆ రోజు నేను నోరు తెరవాల్సిందని, ఆ ప్రసంగం కూడా తప్పేనని చెప్పాను. దేవుడి చిత్తం అనే మాట వాడలేదు. అవతల చాలాసేపు ఏమీ వినబడలేదు. ఫోన్ కట్టయిందేమో అనుకున్నాను.

"మీరు చెప్పుంటే అమ్మ వినేదండీ అయ్యగారూ," అన్నాడు. "మీ మాటంటే ఆవిడకి గురి."

నాకు తెలుసు. పదిహేనేళ్ళుగా తెలుసు.

క్షమించానని అతను అనలేదు. నేను అడగలేదు కూడా. క్రిస్మస్‌కు ఊరొస్తే మందిరానికి వస్తావా అంటే, "చూద్దాం" అన్నాడు. ఆ మాట చాలని నేను అనుకోవడం లేదు, కానీ అంతకంటే ఎక్కువ అడిగే హక్కు నాకు లేదు.

సంఘ పెద్దలతో మాట్లాడి రెండు సంగతులు నిర్ణయించాం. మందులు మానేయమని చెప్పేవాళ్ళకు, ఎంత పెద్ద ప్రసంగీకులైనా, ఇకమీదట మన వేదిక మీద మైకు ఇవ్వం. ఎవరైనా రోగి కోసం ప్రార్థన అడిగితే, ప్రార్థన చేసిన వెంటనే మేము అడిగే మొదటి ప్రశ్న, "డాక్టరు ఏమన్నారు? తోడు ఎవరొస్తున్నారు?" అవసరమైతే నేనే వస్తాను. వచ్చే ఆదివారం 88వ కీర్తన మీద వాక్యం చెబుతాను. ఆ రోజు మైకుకు ఎకో వద్దని తమ్ముడికి చెప్పాను.

తల్లిదండ్రులకు ఒక్క మాట. మీ పిల్లలు వినే పాట మీకు నచ్చకపోతే, అది ఆపమనే ముందు ఒక ఇయర్‌ఫోన్ అడిగి తీసుకోండి. నచ్చాలని లేదు. ఆ మోతలో మీ బిడ్డ ఏం వింటున్నాడో అడగండి.

ప్రార్థన చేసుకుందాం.

ప్రభువా, రోగి ఎదుట మేము మౌనంగా కూర్చున్న రోజులను క్షమించు. మా భయానికి విశ్వాసం అని పేరు పెట్టుకున్నందుకు క్షమించు. మా మాటల వల్ల నీకు దూరమైన పిల్లలను నువ్వే వెదుకు. వాళ్ళు కోపంతో వచ్చినా, మోతతో వచ్చినా, తలుపు తీసే మనసు మాకు ఇవ్వు. యేసు నామంలో అడుగుతున్నాం తండ్రీ, ఆమేన్.